వరస తప్పని పూరేడు పిల్లలు

ఏ మంచి ఘడియలో తట్టిందో గానీ, ప్రతి పిల్లకీ ప్రాణం కాపాడుకునే చదువు రావాలని సింహం అడవికంతటికీ చట్టం చేసింది. గడ్డిబీడులో దాన్ని అమలుచేసే పని కొంగదొర మీద పడింది.

అక్కడ బడి నడిపేది పూరేడు పంతులమ్మ. గద్ద నీడ పడితే చాలు, ఆమె పిల్లలు చప్పుడు లేకుండా గడ్డిలో కలిసిపోయేవాళ్లు.

తనిఖీకొచ్చిన కొంగదొర పరీక్షకని రెక్క చాచి నేల మీద నీడ పడేశాడు. క్షణంలో బడి ఖాళీ.

"పిల్లలేరమ్మా?"

"దాక్కున్నారు దొరా. వాళ్ల చదువే అది."

"కంటికి కనపడని చదువు గురించి రాజుగారికి ఏమని చెప్పను? నీడ పడగానే వరసగా నిలబడి 'గద్ద' అని గట్టిగా అనాలి. అనకపోతే బడి మూసేస్తా."

బడే లేకపోతే పిల్లల గతేమిటని పంతులమ్మకు గుండె జారింది. మనసు చంపుకుని అలాగే నేర్పింది. కొంగదొర మళ్లీ వచ్చి చూసి, బీడు మొత్తానికీ ఇదే మేటి బడి అని మురిసిపోయి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నమే నిజం గద్ద నీడ పడింది. పిల్లలు వంకర లేకుండా వరసకట్టి, "గద్ద!" అని ఒక్క గొంతుతో అరిచారు.

"దాక్కోండర్రా!" పంతులమ్మ గొంతు చించుకుంది.

అందరికన్నా చిన్నది మెడ కూడా తిప్పకుండా గుసగుసలాడింది: "ఊరుకోండి పంతులమ్మా! వరస చెడితే మన బడి మూసేస్తారు."