పాత చప్పుళ్ళు

"ఇది మా కారు కాదు," అంది పెద్దావిడ.

మెకానిక్ చేతిలో స్పానర్ అలాగే ఆగిపోయింది. పక్కన కూర్చుని సీటు కవరు కుడుతున్న అతని భార్యకు సూది వేలిలో దిగింది.

బాగుచేయడానికి మొత్తం విప్పదీశాక ఎముకల గూడులా మిగిలిన ఆ పాతకాలపు బండిని మళ్ళీ కారుగా నిలబెట్టేసరికి మొగుడూపెళ్ళాలకు తల ప్రాణం తోకకొచ్చింది. డబ్బాల్లో విడివిడిగా దాచిన నట్లన్నీ ఎక్కడివక్కడ బిగించారు. గొలుసు కప్పీతో ఇంజను దించుతుంటే, పాపను చంకనేసుకుని ఆమె ఊపిరి బిగబట్టి నిలబడింది. ఇక మిగిలింది సీట్లే.

ఉన్న ఉద్యోగం వదిలి సొంత షెడ్డు పెట్టాక అతని చేతికొచ్చిన మొదటి పెద్ద పని ఇది. ఈవిడ మెచ్చుకుంటే నలుగురూ వస్తారు. పెదవి విరిస్తే షెడ్డుకు తాళమే.

"మీ బండేనమ్మా. కావాలంటే నంబరు చూసుకోండి," అన్నాడు.

పెద్దావిడ డ్రైవరు వైపు తలుపు తెరిచి వేసింది. దూది మీద దూది పడ్డట్టు మూసుకుంది.

"ఈ తలుపు కిర్రుమనేది. ఏదీ?"

"తుప్పు వదిలించి గ్రీజు పెట్టానండీ!"

"నిన్నెవరు పెట్టమన్నారు? సైలెన్సరు గడగడలాడేది, అదీ పోయింది. స్టీరింగు కుడికి తిప్పితే హారను దానంతటదే మోగేది. దాన్నేం చేశావయ్యా?"

"లోపల తీగ అరిగి రాసుకునేదమ్మా. కొత్తది వేశాను."

"బంగారంలాంటి బండిని మూగదాన్ని చేసి పెట్టావు!"

స్టూలు మీద కూలబడింది. గొంతు తగ్గింది.

"ఆ కిర్రు వినపడితే చాలు, చేతిలో గరిటె అక్కడే పడేసి వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. మలుపులో హారను మోగిందంటే గుండె ఝల్లుమనేది. బండి మీ దగ్గరికొచ్చాక ఇల్లెంత నిశ్శబ్దంగా ఉందో! బాగు చేయిస్తానని ఆయనకి మాటిచ్చాను కాబట్టి ఇక్కడికి తెచ్చాను. ఆ చప్పుళ్ళు లేకుండా మాత్రం ఇది మా గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

చరచరా వెళ్ళిపోయింది.

"నాకేమన్నా పిచ్చా?" మెకానిక్ స్పానర్ విసిరేశాడు. "బాగు చేసినదాన్ని మళ్ళీ చెడగొట్టే మెకానిక్ ఎక్కడైనా ఉంటాడా? జనం నవ్విపోరూ?"

"నవ్వితే నవ్వనీండి." భార్య కళ్ళు అప్పటికే చెరువులు. "మీ స్కూటరు చప్పుడు వినేదాకా నాకు ముద్ద దిగదు. రోజూ ఏవేవో ఊహించుకుంటాను. రేపు మీకేమన్నా... ఛ, నా నోరు పడ! పాపం ఆవిడకి ఇక మిగిలింది ఆ చప్పుళ్ళే కదండీ."

"సరేలే, ఏడవకు. పాప లేస్తుంది."

పెట్టిన గ్రీజంతా కిరసనాయిలుతో కడిగాడు. సైలెన్సరు బిగింపు సడలించాడు. చెత్తబుట్టంతా వెతికి పాత తీగ తీసి తగిలించాడు. ఇన్ని చేసినా తలుపు కిర్రుమనదే! కీలు సందులో చిటికెడు ఇసుక పోశాక గానీ దారికి రాలేదు. ఆఖరున స్టీరింగు కుడికి తిప్పాడు. హారను బేరుమంది. పాప అంతకంటే గట్టిగా బేరుమంది.

"పాడైంది," అన్నాడు దిగులుగా.

"చాలా బాగా పాడైందండీ," అంది భార్య, పాపను ఎత్తుకుంటూ.

సీట్లు బిగించాక పెద్దావిడకు కబురు పెట్టారు. ఆమె వస్తూనే తలుపు లాగింది. కిర్ర్‌ర్... కళ్ళు మూసుకుంది. మళ్ళీ వేసింది, మళ్ళీ తీసింది. స్టీరింగు తిప్పింది. హారను మోతకు ఆమె ముఖం చాటంతైంది.

"ఇదీ మా కారంటే! నీ చేతికి తిరుగులేదయ్యా. మా వాళ్ళందరినీ నీ దగ్గరికే పంపిస్తాను, చూడు."

మెకానిక్ భార్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి పెద్దావిడ రెండు చేతులూ పట్టుకుంది.

"ఇవి వినడానికి మీ ఆయన కూడా ఉండుంటే ఎంత బాగుండేదో కదమ్మా!"

"ఉండుంటే ఏమిటే పిచ్చిపిల్లా," పెద్దావిడ పకపకా నవ్వింది, "చూపు ఆనట్లేదు, బండి ముట్టుకోవద్దని డాక్టరు మొత్తుకుంటున్నా, నేను వంటింట్లో ఉన్నది చూసి పిల్లిలా తాళాలు పట్టుకుని జారుకుంటారు ఆ మహానుభావుడు, ఈ చప్పుళ్ళు లేకపోతే నేనాయన్ని గేటు దగ్గర పట్టుకునేదెలా!"