ఆరు గంపల మన్ను

“మళ్ళా తవ్వినావా శివప్పా?”

గ్రౌండు అంచున గొర్రెల వెనక పోతున్న ముసలాయన ఆగి, భుజం మీది కర్ర దించాడు. “యాడ తవ్వినా?”

“గోలు ముందర! నిన్న సాయంత్రం ఆరు గంపల మన్ను పోసి, దిమ్మిసతో కొట్టి పోయినా. పొద్దున వచ్చి చూస్తే మళ్ళా అదే గుంత. వారం దినాల్నుంచి ఇదే తంతు!”

సురేంద్రకు నోరు జాస్తి. ఊళ్ళో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే సారు అతనే. గోల్స్ కంటే పిల్లల చీలమండల మీదే అతనికి ధ్యాస. ఆ నేల అలాంటిది మరి. మంచి వాన చూసి రెండేళ్ళయింది, ఎక్కడ చూసినా రాళ్ళూ రప్పలే. రోజూ పిల్లలు రాకముందే గ్రౌండంతా నడిచి రాయి కనిపిస్తే ఏరేస్తాడు, గుంత కనిపిస్తే పూడుస్తాడు. అంత చేసినా పోయిన ఏడు హేమ కాలు బెణికి, పాపం, మూడు నెలలు మూల కూర్చుంది. రేపు కదిరిలో జిల్లా జట్టుకు ఎంపిక. ఆ కాలికి మళ్ళీ ఏమన్నా అయితే ఆ పిల్ల ముఖం ఎట్లా చూడాలి?

అందుకే ఒంటికాలి గెంతులు పెట్టాడు. రోజూ నలభై. ఒక్కో గెంతుకూ ఒంటికాలి మీద నిలిచి, ఊపిరి పీల్చి వదలాలి. నడుమ ఆపితే మళ్ళీ ఒకటి నుంచి. ఊరికే గెంతనిస్తాడా అంటే అదీ లేదు. “పాము!” అంటాడు. “మీ నాయనొచ్చినాడే!” అంటాడు. “ఆపు, ఆపు!” అని గొంతు చించుకుంటాడు. ఎవరేం అరిచినా కాలు చలించకూడదని అతని పంతం. మొదట్లో పిల్లలు రోజూ మోసపోయేవాళ్ళు. ఇప్పుడు పళ్ళికిలించి గెంతుతూనే ఉంటారు.

ఈ పొద్దు హేమ అందరికంటే ముందొచ్చింది. సురేంద్ర అప్పుడే గుంతలో మళ్ళీ ఆరు గంపలు పోసి కొట్టాడు. గ్రౌండు మొత్తానికి మెత్తటి చోటు అదొక్కటే. బెణికిన కాలికి గట్టినేల మంచిది కాదని అక్కడే గెంతమన్నాడు. ఇంతలో శివప్ప కనబడేసరికి ఒళ్ళు మండి, రాళ్ళు ఏరే పని కూడా వదిలేసి వచ్చాడు.

“పదకొండు... పన్నెండు...” వెనకనుంచి హేమ గొంతు.

“మేపుకునే బీడు పోయిందని నీకు కడుపుమంట. ఉంటే నా మీద తీర్చుకో. పిల్లోళ్ళ కాళ్ళు ఇరగ్గొట్టాలని చూస్తే ఎట్లప్పా?”

“నాకూ మనవరాండ్లుండారు సారూ. నోరు అదుపులో పెట్టుకో.”

“నీవు కాకుంటే ఎవురు? ఈడ తిరిగేది నీవొక్కడివే కదా?”

“పందులేమో!”

“పందులు గీత గీసినట్టు గుండ్రంగా తవ్వుతాయా?”

“ఇరవై ఒకటి... ఇరవై రెండు...”

శివప్ప తుపుక్కున ఉమ్మి, కర్ర నేలకు ఆనించాడు. “సరే, నేనే తవ్వినా అనుకో. గుంత తవ్వితే తీసిన మన్ను పక్కన కుప్ప పడల్ల గదా? నీ ఆరు గంపల మన్ను యాడబోయింది?”

సురేంద్ర లెక్క వేసుకున్నాడు. వారం రోజులుగా పోస్తున్నాడు. గుంత పక్కన పిడికెడు మన్ను ఏనాడూ కనబడలేదు.

“యాడ పారబోసినావో నాకేం తెలుసు!” అన్నాడు గానీ గొంతులో పస లేదు.

శివప్ప వినిపించుకోలేదు. చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకొని దూరంగా ఉన్న గుట్ట వైపు చూశాడు. అక్కడినుంచి గోలు వైపు చూశాడు.

“గుట్టకు నేరుగా... సారూ, ఈడ యాడనో ఓబన్నోళ్ళ బాయి ఉండె. నేను పిల్లోనిగా ఉన్నప్పుడే ఎండిపోయె. గొడ్లు పడతాయని పైన బండలు పరిచి మన్ను కప్పినారు. అంత బాయి పూడ్చాలంటే ఎవురితో అయితాది? మీరు జేసీబీతో చదును చేసినాక గుర్తు కూడా లేకుండా పోయె.”

“ఎంత లోతు?”

“అరవై అడుగులు తవ్వినారంట. బండ యాడనో పగిలింటాది. నువ్వు పోసే మన్నంతా...”

సురేంద్ర మిగతాది వినలేదు. గిరుక్కున తిరిగి పరుగెత్తాడు.

“హేమా! ఆపు! పక్కకు దూకు!”

“ముప్పై మూడు... ముప్పై నాలుగు...”

“నిజంగా చెప్తాండానే తల్లీ! గెంతొద్దు!”

హేమ చేతులు చాచి, ముందుకే చూస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు అతనికి బాగా తెలుసు. అది నేర్పింది తనే. ఇంకో పది అడుగులు పరుగెత్తాడో లేదో, ఇందాక ఏరకుండా వదిలేసిన రాయి కాలి కింద పడింది. చీలమండ కలుక్కుమని బోర్లా పడ్డాడు. లేవబోతే కాలు నిలవలేదు.

“ఒట్టు హేమా! మా అమ్మ మీద ఒట్టు! ఆపే!”

“ఈ పొద్దు మోసపోను సార్!” అంది హేమ గర్వంగా. “ముప్పై ఏడు... ముప్పై ఎనిమిది...”

ముప్పై తొమ్మిది భూమి లోపలినుంచి వినిపించింది.