పదకొండు గంటల ఫోన్

“ఫోన్ పెట్టెయ్ తాతా! పెట్టెయ్!”

మనోజ అరుపుకి ఫిల్మ్‌నగర్ ఎస్టీడీ బూత్ ముందున్న నలుగురూ ఇటు తిరిగారు.

అప్పటికే పదకొండూ పది.

పదకొండుకి మాదాపూర్ కాల్ సెంటర్ వాళ్లు ఫోన్ చేస్తామన్నారు. ఫోన్‌లోనే ఇంటర్వ్యూ. బోరబండలో మనోజ వాళ్లింటికి ఫోన్ లేదు. అందుకే అప్లికేషన్‌లో మేనమామ నర్సింహ బూత్ నంబరే పీపీ అని, అంటే పిలిచి ఇచ్చే నంబరని, రాసింది. తీరా ఈ రోజే బస్సు మొరాయించింది. పరుగెత్తుకొచ్చి చూస్తే మామ లేడు. లోపల రిసీవర్ పట్టుకుని ఆ ముసలాయన!

ఎప్పుడూ బూత్ ముందు బల్ల మీదే ఉంటాడు. నిన్న ఆమె అక్కడ కూర్చుని ఇంగ్లీషు బట్టీ పడుతుంటే అడక్కుండానే తగులుకున్నాడు.

“హియర్, లిజన్ రెండూ వినడమే అనుకుంటున్నావా అమ్మాయ్? రోడ్డు మీద హారన్ నువ్వు వద్దన్నా చెవిన పడుతుంది. అది హియర్. మనిషి మాట చెవి ఒగ్గి వింటే లిజన్.”

“నీకెందుకు తాతా?” అని లేచి అవతల కూర్చుంది.

ఇప్పుడేమో నవ్వుతూ ఇంగ్లీషులో కబుర్లు.

“ప్లీజ్ మేడమ్, వన్ మినిట్...”

నాన్న పోయి పదేళ్లు. అమ్మని కుట్టుమిషన్ తొక్కొద్దన్నాడు డాక్టరు. ఈ ఉద్యోగం రాకపోతే?

“నాకు ఫోన్ వచ్చేదుంది, జర జరుగు!”

“తల్లీ, ఇది నీ...”

వేలితో టక్కున నొక్కి లైన్ కట్ చేసింది.

ఆయన మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు.

“ఆడపిల్లతో ఏంది లొల్లి, పెద్దాయనా?” ఎవరో భుజం పట్టి బయటికి లాగారు.

చేతిసంచీ తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

నర్సింహ టీ గ్లాసులతో వచ్చాడు.

“పెద్దాయన ఏడి? ఆయనను చూస్తుండమనే పోయిన.”

“ఫోన్‌ల ముచ్చట్లు పెట్టిండు, ఎల్లగొట్టిన. బిల్లు గూడ కట్టలే, చూడు మామా.”

నర్సింహ మీటర్ చూశాడు. ఎర్ర అంకెల్లో సున్నా.

“ఆయన చెయ్యలే బిడ్డా. అవతలోళ్లు చేసిన్రు.”

“ఎవలికి?”

నర్సింహ ఆమె వైపే చూశాడు.

అది తనకొచ్చిన ఫోనే! తిరిగి చేద్దామంటే వాళ్ల నంబర్ లేదు. పదకొండూ ఇరవై. ముప్పై. ఎదురుగా ఫోన్, పడగ ముడుచుకున్న పాములా.

మోగింది!

“ఇందాక లైన్ కట్ అయింది,” ఇంగ్లీషులో అందొక ఆడగొంతు. “మా అమ్మాయి పరుగెత్తుకొస్తోంది, పెట్టెయ్యకండని మీ నాన్నగారు ఒకటే బతిమాలారు. సరే, హియర్‌కీ లిజన్‌కీ తేడా ఏంటి?”

మనోజ చెప్పింది. ముసలాయన అన్న ఆ హారన్ సంగతే చెప్పింది.

ఇంకో నాలుగు ప్రశ్నల తర్వాత, “సోమవారం వచ్చి చేరండి,” అంది ఆ గొంతు.

ఒక్క ఉదుటున బయటికొచ్చింది. బల్ల ఖాళీ.

“మామా, ఆయన యాడుంటడు?”

“తెల్వదు. డబ్బింగ్ చెప్పేటాయన. ఆర్నెల్ల సంది పని లేదు.” నర్సింహ ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “ఇయ్యాల స్టూడియోవోళ్లు ఫోన్ చేస్తమన్నరు. లైన్ దొరకకుంటే ఇంకోన్ని పిలుస్తరట. గా ఫోన్ గూడ పదకొండుకే... గీ నంబర్‌కే.”