ఇంకొక్క లోపం

ఆయన వచ్చి పావుగంటయింది. గాజు కౌంటరు మీద చెయ్యి ఆనించి, లోపలున్న చిన్న నీలం రంగు మ్యూజిక్ ప్లేయర్‌నే చూస్తున్నాడు. సేల్స్‌మన్ రెండుసార్లు పలకరిస్తే గానీ తలెత్తలేదు.

“దీని గురించి చెప్పు బాబూ. మంచీ చెడ్డా రెండూ.”

సేల్స్‌మన్‌కి ప్రాణం లేచివచ్చింది. దేన్నయినా అమ్మేముందు దాని లోపాలు కూడా చెప్పందే అతనికి అన్నం సయించదు. అందుకే ఓనరు అతనికి ‘ఉన్నమాట’ అని పేరు పెట్టాడు. నువ్వు నోరు మూసుకుంటే నా షాపు బాగుపడుతుందిరా అని రోజూ మొత్తుకుంటాడు.

ఉన్నమాట మొదలుపెట్టాడు. అగ్గిపెట్టంత ఉంటుంది, జేబులో ఉన్నట్టే తెలియదు. ఒకసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు పాడుతుంది. పాట మధ్యలో ఫోన్లూ మెసేజీలూ వచ్చి ప్రాణం తియ్యవు. లోపాలంటారా, నెట్ లేదు. పాటలన్నీ కంప్యూటర్‌లోంచి ఓపిగ్గా ఎక్కించుకోవాలి. మీటలు మరీ చిన్నవి, పెద్దవాళ్ల వేళ్లకి అందవు.

ఆయన తలూపాడు. వాళ్ల అమ్మాయి కూడా అచ్చం ఇలాగే చెప్పిందట. చేతిలో ఫోనుండగా ఇదెందుకు దండగ అని ఈయనన్నాడు. నా జీతం, నా ఇష్టం అని ఆ పిల్ల కొనేసుకుంది. మాటా మాటా పెరిగింది. వారం రోజులు ఇంట్లో తండ్రీ కూతుళ్లు ఎడమొహం పెడమొహం.

“అయితే రాజీకి ఇంకొకటి కొనిస్తున్నారన్నమాట” అని నవ్వాడు ఉన్నమాట.

ఆయన నవ్వలేదు. “ఇది చెవుల్లో పెట్టుకుంటే బయట ఎవరైనా పిలిచినా వినపడదా?” అని అడిగాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున, అమ్మాయి ఇంటి వెనక అడ్డదారిన ఆఫీసుకి వెళ్తుంటే వెనకనుంచి పిలిచాడట. చెవుల్లో ఇదే ఉంది. తిరిగి చూడలేదు.

“ఒక్కసారే పిలిచారేమో.”

“పదకొండు సెకన్లు పిలిచాను.”

పిలుపుని సెకన్లలో లెక్కపెట్టే తండ్రిని ఉన్నమాట ఇంతవరకూ చూడలేదు. వెళ్లి భుజం తట్టాల్సింది సార్ అన్నాడు.

“డ్యూటీలో ఉన్నాను. ఆగడం నా చేతుల్లో లేకపోయింది.”

ఏం డ్యూటీయో పాపం, పైవాడు గడియారం పట్టుకు కూర్చుంటాడేమో అనుకున్నాడు ఉన్నమాట.

“చిన్నప్పటినుంచీ నాది ఒకటే పిలుపు” అన్నాడాయన. “అది వినపడితే చాలు, ఎక్కడున్నా వెనక్కి తిరిగి చెయ్యూపుతుంది. అలిగితే మాత్రం కావాలనే తిరగదు. ఆ రోజు కోపంతో తిరగలేదా, వినపడక తిరగలేదా? ఆ ఒక్కటీ తేలితే చాలు బాబూ.”

అమ్మాయినే అడిగితే పోలేదా అనబోయాడు ఉన్నమాట. ఆయన కళ్లు చూసి మాట మింగేశాడు. అలక ఇంకా తీరలేదు కాబోలు.

ప్లేయర్ బయటికి తీసి, ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టి, పాట వేశాడు. షాపు గుమ్మం దాకా వెళ్లి గొంతెత్తి పిలిచాడు. కొనడానికి వచ్చిన వాళ్లంతా తిరిగి చూశారు. ఓనరు లేచి నిలబడ్డాడు. ఆయన ఒక్కడే కదల్లేదు.

వెనక్కి వచ్చి ఇయర్‌ఫోన్లు తీశాడు.

“ఆరుసార్లు పిలిచాను సార్.”

“నాకు ఒక్కటీ వినపడలేదే.”

“మరి అమ్మాయికి మాత్రం ఎలా వినపడుతుంది? కోపమూ కాదు, పాడూ కాదు. మనసులో పెట్టుకోకండి.”

ఆయన ఇయర్‌ఫోన్లని గుప్పిట్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అయినా మొహం తేటపడింది. ఎన్నాళ్లకో ఊపిరి పీల్చుకున్నట్టున్నాడు. దీన్ని కట్టివ్వు బాబూ అన్నాడు.

ఉన్నమాట పెట్టె చేతికిస్తూ నాలుక కరుచుకున్నాడు. అసలైంది చెప్పడం మర్చిపోయాడు.

“ఇంకొక్క లోపం సార్, తర్వాత నన్ననకూడదు. ఇది మనుషుల గొంతు వరకే ఆపుతుంది. పెద్ద మోతలు ఆపలేదు. మా ఇల్లు రైలు కట్ట పక్కనే. ఇది పెట్టుకుని పాటలు వింటూ పడుకున్నా, రైలు కూతకి రోజూ ఉలిక్కిపడి లేస్తాను.”

ఆయన చెయ్యి ఆగిపోయింది. పెట్టెని మెల్లగా మళ్లీ కౌంటరు మీద పెట్టాడు. దాని అంచు గాజు అంచుకి సమానంగా వచ్చేదాకా సర్దుతూనే ఉన్నాడు.

“ఏమైంది సార్?”

“ఆ రోజు పట్టాల మీద నడిచి వెళ్తున్న మా అమ్మాయిని నేను పిలిచింది ఆ కూతతోనే బాబూ” అన్నాడు గూడ్సు రైలు డ్రైవరు.