డబ్బా వాటా

మిషన్ లేవలేదు.

సంగమేశ్ మళ్లీ బటన్ నొక్కాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా దిగి, సగంలో ఆగిపోయాయి.

“ఏమంటున్నదిరా?” అన్నాడు పెద్దన్న బస్వరాజ్, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని.

“ఏమంటున్నదంట?” అన్నాడు చిన్నన్న విరూపాక్ష, కుర్చీ గోడ వైపు తిప్పుకుని.

ఇద్దరూ అడిగింది ఒకటే. కానీ ఒకరి ముఖం ఒకరు చూడరు కదా! జహీరాబాద్ హైవే పక్కన ముగ్గురన్నదమ్ములూ కలిసి నడిపిన ఫోటో స్టూడియో పంచుకున్ననాటి నుంచి పెద్దవాళ్లిద్దరికీ మాటల్లేవు. రెండేళ్లాయె.

ఆ పంపకాల ముచ్చట చెప్పాల్సిందే. కెమెరాలు పంచారు, లైట్లు పంచారు, పెళ్లికూతురు కూర్చునే సింహాసనం కుర్చీని కూడా కోయబోయి ఆగారు. చివరికి మిగిలింది సంగమేశ్ లినక్స్ ఎక్కించి తయారుచేసిన కంప్యూటర్. ఊళ్లో అందరి పెళ్లిళ్లూ దాని కడుపులోనే ఉన్నాయి.

“లోపట రెండు డిస్కులున్నయి. ఒకదాంట్ల ఏముంటే రెండోదాంట్ల గదే ఉంటది. ఒకటి ఖరాబైనా ఇంకోటి కాపాడుతది” అని సంగమేశ్ నోరు జారాడు.

పంచాయితీకి కూర్చున్న రామ్‌కిషన్ పటేల్ తొడ చరిచాడు. “ఇంకేంది మరి! చెరొకటి ఇచ్చెయ్యిన్రి. ఇద్దరికీ మొత్తం ఆస్తి వచ్చినట్టే!”

ఇంత న్యాయమైన పంపకం ఎక్కడా చూడలేదని మెచ్చుకుని అందరూ చాయ్ తాగారు. సంగమేశ్ వాటాకు ఖాళీ డబ్బా వచ్చింది. పోనీలే అని స్టెబిలైజర్ కూడా ఇచ్చారు. తిండి మాత్రం ఒక నెల పెద్దన్న ఇంట్లో, ఒక నెల చిన్నన్న ఇంట్లో.

పెద్దన్నకు ఫోటోలు తీయడం వచ్చు, వీడియో కలపడం రాదు. చిన్నన్నకు కలపడం వచ్చు, ఫోటో తీస్తే తలకాయలు తెగిపోతాయి. రెండు షాపులూ ఈగలు తోలుకుంటున్నాయి. సంగమేశ్ ఇద్దరి కాళ్లూ గడ్డాలూ పట్టుకుని, మళ్లీ కలవడానికి ఒప్పించాడు. అదీ షరతు మీద. ధంధా కలుస్తుంది, మాటలు కలవవు. నిన్న చెరొక డిస్కూ పాత స్టూడియోకు ఆటోలో పంపించారు. మిషన్ లేస్తే కలిసినట్టు. లేవకపోతే ఎవరి దారి వాళ్లది, ఇక జన్మలో ఈ గడప తొక్కరు.

సంగమేశ్ తల గోక్కున్నాడు.

“రెండు డిస్కులు పంచాయితి పెట్టినయన్నా” అన్నాడు. “విడిపోయినంక దేంట్ల దాంట్ల కొత్త పెండ్లిళ్లు ఎక్కినయి. నేనే అసలు అని ఇదంటది, నేనే అసలు అని అదంటది. మిషన్ ఎవరి మాట వినాలె?”

“మరెట్ల?”

“ఒకదాన్ని ఉంచాలె. ఇంకోదాన్ని తుడిచి, దాని మీద దీని కాపీ దించాలె.”

“నాది ఉంచు. వానికి చెప్పు, నేను పెద్దోన్నని.”

“ఆయనకు చెప్పు, పెద్దరికం పంపకాల్నాడే అయిపోయిందని.”

వానికి చెప్పు, ఆయనకు చెప్పు. మధ్యలో సంగమేశ్ మెడ పట్టేసింది.

“జర ఆగున్రి. దేంట్ల ఏమున్నదో ముందుగాల చూద్దాం” అని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, మిషన్‌ను దొడ్డిదారిన లేపాడు. “పేర్లే కనబడ్తయి మల్ల, లోపటివి బయటికి రావు” అని చెప్పి, చిన్నన్న డిస్కులో ఉన్నవి గట్టిగా చదివాడు. “కోహీర్ రిసెప్షన్. ఝరాసంగం పెండ్లి. నవత మొదటి పుట్టినరోజు…”

కుర్చీ కిర్రుమంది. బస్వరాజ్ ఇటు తిరిగాడు.

“నీ బిడ్డకు ఏడాది నిండిందా? నన్ను పిలువకపోతివి గదరా!”

విరూపాక్ష తల దించుకున్నాడు. సంగమేశ్ గబగబా పెద్దన్న డిస్కు చదివాడు. “చర్చి పెండ్లి. ఓణీల ఫంక్షన్. విరూపాక్ష షాపు ఓపెనింగ్…”

“నా షాపా? ఆనాడు నువ్వు రానే రాలే!”

“రోడ్డు అవతల లారీ చాటున నిలబడి తీసిన” అన్నాడు బస్వరాజ్. “నువ్వు తీస్తే తలకాయలుండయి గద.”

విరూపాక్షకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఇక అప్పుడు మొదలైంది అసలు కొట్లాట.

“నాది తుడువు సంగూ! బిడ్డ పుట్టినరోజు పోవద్దు.”

“వద్దు, నాది తుడువు! అన్న తీసింది పోతే మల్ల వస్తదా?”

“పెద్దోన్ని చెప్తున్న, వినవా?”

“వినను! ఏం జేస్తవ్?”

బయట లారీల హారన్లు కూడా వినబడనంత గోల. పెద్దవదిన టిఫిన్ పంపితే స్టెబిలైజర్ మీద పెట్టుకుని ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. తింటూ కూడా కొట్లాడారు. చివరికి ఇద్దరూ కలిసి సంగమేశ్ మీద పడ్డారు.

“ఏదో ఒకటి తేల్చరాదురా!”

“గింత తొందరైతే ఎట్లన్నా? ఒక్కసారి తుడిస్తే మల్ల రాదు. రేపు కూడ ఇద్దరు రాన్రి, కూసోని ఆలోచిద్దాం” అన్నాడు సంగమేశ్, రెండు డిస్కుల్లోని సరుకంతా నిన్ననే ఎక్కించి పెట్టుకున్న మూడో డిస్కును కాలితో బల్ల కిందికి ఇంకాస్త లోపలికి తోస్తూ.