గట్టు మీది కోర్లు

పెంచలరత్నం సారు నా పొట్ట కొట్టాడు. గనిలో ఆయన జియాలజిస్టు, నేను కోర్లు మోసే కూలీని. కోర్లంటే బోరు వేసి భూమిలోంచి తీసిన గుండ్రటి రాతికడ్డీలు. పరీక్ష అయిపోయాక వాటిని పారేస్తారు.

"ఎత్తకపో గంగన్నా, నీ చేని గట్టుకు పనికొస్తాయి" అన్నది ఆయనే. పద్దెనిమిదేళ్ళు మోసి గట్టంతా కట్టుకున్నాను.

ఇప్పుడు భూమిని చదివేది ఆకాశంలో తిరిగే ఉపగ్రహం కన్ను. అది ఖనిజం ఉందని చెప్పిన పొలం ఆ సాయంత్రానికే గనిలో కలిసిపోతుంది. నిన్న వేరుశెనగలో కలుపు తీస్తుంటే నా పెళ్ళాం ఓబులమ్మ ఫోను మోగింది. మా చేని కింద ఖనిజం ఉందట!

గట్టు మీది కోరు ఒకటి పెరుక్కుని ఆఫీసుకు పరుగెత్తాను.

"కింద యేమీ లేదు సార్! అది చూసింది మీరిచ్చిన ఈ రాళ్ళనే!"

ఆయన అలవాటుగా రాయిని నాలుకతో తడిపి చూశాడు. "నిజమేరా. దీని మీది నంబరు నా చేతిరాతే."

"మరి ఆ మాట దానికి చెప్పండి."

"అది నన్ను అడగదు. అది చెప్పిందానికి వేలిముద్ర వేసేదే నా ఉద్యోగం."

"అంత సదువు సదివి మీరూ ఏలిముద్రేనా సార్? ఎయ్యకుంటే?"

"నా బదులు అదే వేసుకుంటుంది."

తల వంచుకుని, నా ఎదుటే యంత్రం మీద వేలు ఆనించాడు. పూత మీదున్న పైరుతో సహా మూడెకరాల పదకొండు సెంట్ల నేల పోయింది.