జమ్మలమడుగు నంబరు

ప్రొద్దుటూరు పార్టీ ఆఫీసులో ఫోన్ల మెకానిక్ జియావుల్లా సర్వరు బిగించాడు. ఇకమీదట బల్లమీది ఫోనుకు వచ్చే కాల్స్‌లో కోరుకున్నవి నేరుగా నాయకుడి సెల్లులోనూ మోగుతాయి.

"ఏ నంబర్లు అన్న సెల్లుకు పోవాల, ఏవి ఈడనే ఆగాల చెప్పక్కా," అన్నాడు.

బల్లమీది ఫోను ఎత్తేది ఓబుళమ్మ. నాయకుడి మీదికి విసిరిన బాంబుకు అడ్డం పోయి ఆమె మొగుడు చనిపోతే, ఆమెకిచ్చిన ఉద్యోగమది.

"జమ్మలమడుగు నంబరు మాత్రం పోనీయద్దప్పా. ఆ బాంబు ఏయించి నా తాళి తెంచినోడిదే అది."

లోపలినుంచి నాయకుడు వచ్చాడు. "అదే మొదట పెట్టు. నిన్నటినుంచి ఆయప్ప మన పార్టీనే."

పెట్టిన కాసేపటికే ఆయన జేబులో సెల్లు మోగింది.

"చెప్పు బావా. ఆ బాంబు కేసా? ఓబుళమ్మ సాక్ష్యానికి రాదులే, నేను చూసుకుంటా," అంటూ నవ్వుతూ కారెక్కాడు.

జియావుల్లా ఉండబట్టలేక కారు దగ్గరికి పోయాడు. "అన్నా, అక్క నీకు ఫోన్ చేస్తే ఆ నంబరు యాడికి పంపాల?"

"ఆమెది ఈడనే మోగనీ. ఎవరో ఒకరు ఎత్తుతారులే."

కారు కదిలింది.

"ఎత్తేది నేనే గదప్పా," అంది గుమ్మంలో నిలబడిన ఓబుళమ్మ.